చల్లారడానికి నలభై నిమిషాలు

“నేనే తగలబెట్టానండీ. రాసేసుకోండి,” అన్నాడతను.

ఆ మాట అనడం అప్పటికి నాలుగోసారి. ఇరవై రెండేళ్ళు అగ్నిమాపక శాఖలో పనిచేసి, ఆరేళ్ళుగా సొంతంగా కేసులు చూసుకుంటున్నదాన్ని. చేయలేదని ఒట్లు పెట్టేవాళ్ళని వందలమందిని చూశాను. చేశానని ఇంత మొండిపట్టు పట్టిన మనిషిని చూడటం మాత్రం అదే మొదలు. నాకు చిరాకు పుట్టింది. చిరాకు వెనకాల భయం కూడా వేసింది.

పోలీసు స్టేషన్లో వెనక గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి గడియారం. పదకొండూ ఇరవై. అతని చూపు నిమిషానికోసారి ఆ గడియారం మీదికి పోతోంది. పాత అలవాటు కాబోలు. అతను క్రీడా మైదానంలో గడ్డి కోసే బండి డ్రైవరు. ఎక్కి కూర్చుని స్టీరింగు పట్టుకుని నడిపే బండి. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఏ పని ఎన్నింటికి మొదలెట్టిందీ ఎన్నింటికి ముగించిందీ నిమిషాలతో సహా చెబుతాడని మైదానంలో అందరూ అతన్ని ‘గడియారం’ అనే పిలుస్తారు. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదట.

మొన్న మంగళవారం సాయంత్రం ఆ బండి పెట్టే షెడ్డు కాలిపోయింది. షెడ్డు లోపల చిన్న స్టోరు గది. అందులో జ్వరంతో పడుకున్న స్టోరుకీపరు పొగకి ఊపిరాడక చనిపోయాడు. ఆ స్టోరుకీపరు గడియారానికి సొంత తమ్ముడు. షెడ్డు తలుపుకి బయటనుంచి గడియ పెట్టి ఉంది. మర్నాడు పొద్దున్నే అన్న తనంతట తానే స్టేషనుకి నడిచివచ్చి, తమ్ముణ్ణి తానే చంపానని చెప్పి బెంచీ మీద కూర్చున్నాడు. రేపు పదకొండింటికి మేజిస్ట్రేటు ముందు ఇదే మాట అన్నాడంటే ఆ తరువాత ఎవరు తలకిందులుగా తపస్సు చేసినా లాభం ఉండదు.

నన్ను ఈ కేసులోకి లాగింది చనిపోయినవాడి భార్య. మొగుణ్ణి చంపానంటున్న బావగారిని విడిపించమని ఆవిడే వచ్చి నా కాళ్ళమీద పడబోయింది. “మా బావగారు చీమకి కూడా అపకారం చెయ్యరు మేడం. ఆయన ఎందుకిలా అంటున్నారో కనుక్కోండి చాలు,” అంది. చేతులు జోడించినప్పుడు చూశాను, ఎడమ అరచేతిలో బొబ్బ కట్టి పగిలి ఉంది. ఇంట్లో చావు జరిగి వంటింట్లో మతి ఉండదు కదా, పొయ్యి దగ్గర కాలిందేమో అనుకున్నాను.

“బండి ఎన్నింటికి ఆపారు?” అడిగాను గడియారాన్ని.

“నాలుగున్నర అయ్యుంటుందండీ.”

“లోపల ఎన్నింటికి పెట్టారు?”

“వెంటనే పెట్టేశాను.”

“చల్లారకుండానా? నలభై నిమిషాలు బయట నిలబెడితే గానీ లోపలికి తీసుకెళ్ళరటగా మీరు?”

“ఆ రోజు పెట్టేశాను.”

“నిప్పెలా పెట్టారు?”

“పెట్రోలు పోసి.”

“ఎంత పోశారు?”

“ఎంతంటే... ఓ డబ్బా ఉంటుందేమో.”

నేను పెన్ను బల్ల మీద పడేశాను. “ఏమండీ, మిమ్మల్ని అందరూ గడియారం అంటారట. ఉంటుందేమో, అయ్యుంటుంది అనే గడియారాన్ని నేనెక్కడా చూళ్ళేదు. అబద్ధం ఆడటం కూడా ఓ పనేనండీ. మీకది రాదు.”

అతను తల దించుకున్నాడు. అడిగింది కేసు గురించి కాదు.

“మా మరదలు ఏమైనా తింటోందా అమ్మా?”

“బయట బెంచీ మీదే ఉంది. మూడు రోజులుగా పొద్దున్నే వచ్చి కూర్చుంటోంది. మిమ్మల్ని చూడనివ్వమని అడుగుతోంది.”

“వద్దు!” ఉలిక్కిపడి లేచాడు. “ఆవిణ్ణి నా దగ్గరికి రానివ్వకండి. ఇంటికెళ్ళమని చెప్పండి. పిల్ల బడినుంచి వచ్చే వేళకి ఇంట్లో ఉండమనండి.”

తమ్ముణ్ణి చంపినవాడు తమ్ముడి భార్య మొహం చూడలేకపోతే అర్థముంది. కానీ ఇతని కళ్ళలో కనబడింది సిగ్గు కాదు, వణుకు. ఎందుకా వణుకు అన్నది నాకప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఆ పూట మైదానానికి ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని.

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అతని చొక్కా మడతమీద వేలు పెడితే తెగుతుందేమో అన్నట్టు ఉంటుంది. నేను అతనికి ఇస్త్రీ అని పేరు పెట్టుకున్నాను. మా ఇద్దరికీ పాత లెక్కలున్నాయి. నాలుగేళ్ళ క్రితం ఒక గోదాము కేసులో అతను పట్టుకున్న ముద్దాయిని నేను విడిపించాను. అప్పటినుంచి నన్ను చూస్తే అతనికి కారం రాసుకున్నట్టు ఉంటుంది.

“అయిందా మేడం పలకరింపు? ఒప్పుకున్నవాడి దగ్గర మీకేం పని? అగ్గి ఆర్పడం మానేసి ఇప్పుడు కేసులు ఆర్పుతున్నారా?”

“మీరు అంటించిన కేసులైతే ఆర్పక తప్పదు.”

“తలుపు బయటనుంచి గడియ పెట్టి ఉంది. పొద్దున పదింటికి తమ్ముడితో గొడవపడ్డాడు. ‘ఏదో ఒకరోజు ఇందులోనే కాలి చస్తావురా’ అని అరిచాడు, మైదానం సెక్రటరీగారు చెవులారా విన్నారు. సాయంత్రం వాడు అందులోనే కాలి చచ్చాడు. పైగా వీడు ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి మీకు?”

“మా అమ్మ నన్ను ‘చూసుకోకుండా రోడ్డు దాటితే లారీ కింద పడి చస్తావే’ అని రోజూ తిట్టేది. ఆవిడ మీద ఏ సెక్షను పెడతారు? షెడ్డులో పడుకోవద్దని తమ్ముణ్ణి తిట్టాడు ఆయన. అది బెదిరింపు కాదు, హెచ్చరిక. ఆ షెడ్డు ఒక్కసారి చూపించండి.”

“చూడండి. నేనూ వస్తాను. మీరు జేబులో ఏం వేసుకుంటారో చూడాలిగా.”

పన్నెండూ పదికి మైదానం చేరాం. షెడ్డు గోడలు ఇటుకవి, కప్పు రేకులది. రేకులు కుంగి కిందికి వంగాయి. వాకిట్లో సిమెంటు గచ్చు. తలుపు పక్కన బయట గోడకి మేకు కొట్టి ఒక బడిపిల్లల పలక వేలాడదీశారు. సుద్దముక్కతో రెండు వరుసలు:

ఆపింది: 4-10
పెట్టింది:

రెండో వరుసలో టైము లేదు. పంతొమ్మిదేళ్ళుగా రోజూ రెండు వరుసలూ నింపి, మర్నాడు పొద్దున తుడిచి, మళ్ళీ నింపే పలక. పక్కన గోడమీద తుడుపు గుడ్డ రాసుకుని రాసుకుని నున్నబడ్డ చోటు కూడా కనిపిస్తోంది.

“ఇది చూశారా? నాలుగున్నరకి ఆపానన్నాడు. నాలుగూ పదికే ఆపాడు. లోపల పెట్టినది తనే అయితే ఆ టైమూ రాసేవాడు.”

“తమ్ముణ్ణి చంపబోయేవాడు పలక మీద టైము రాస్తూ కూర్చుంటాడా మేడం?”

“రాయడు. నేననేదీ అదే. ఆపినప్పుడు అతని బుర్రలో చంపే ఆలోచన లేదు.”

షెడ్డు వెనక ఇనప జాలీ గూడు, దానికి తాళం. లోపల పెట్రోలు డబ్బా మూత బిగించి ఉంది. డబ్బా మీద ఎర్ర రంగుతో గీత, గీతదాకా పెట్రోలు. పెట్రోలు షెడ్డులో ఉంచకూడదు, వేడి ఇంజనులో పోయకూడదు, పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడే పోయాలి. గడియారం పెట్టుకున్న పద్ధతులివి. అతను పోశానన్న డబ్బా ముట్టుకోనైనా ముట్టుకోలేదు.

లోపలికి వెళ్ళాను. పొగ వాసన, తడి బూడిద వాసన, వాటి కింద ఇంకో వాసన. ఆ మూడోదానికి ఇరవై రెండేళ్ళలోనూ అలవాటు పడలేదు. స్టోరు గది మూలన ఇనప మంచం మిగిలింది. దానివైపు ఎక్కువసేపు చూడలేకపోయాను. మంచానికీ గది తలుపుకీ మధ్య నాలుగు అడుగుల దూరం. చనిపోయినవాడు ఆ నాలుగు అడుగులూ పాకాడు. నేలమీద మసిలో జాడ ఉంది.

బండి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇస్త్రీ మాత్రం ప్యాంటు నలుగుతుందని నిలబడే ఉన్నాడు.

ఇక్కడ నా బుద్ధి గురించి చెప్పాలి. నాకు తెలిసినది ఎదుటివాడికి తెలియకపోతే, ఆ ఎదుటివాడు నాకు గిట్టనివాడైతే, నా నోరు ఆగదు. ఆ పూట కూడా ఆగలేదు.

“ప్లాస్టిక్ ట్యాంకు చూడండి. పైభాగం కరిగిపోయింది, కిందిది గిన్నెలా మిగిలింది. లోపల పెట్రోలు ఉన్నంతమేరా ప్లాస్టిక్ కరగదు. పెట్రోలు తీసి పోసినవాడు ఎవడూ లేడు. మంట పైనుంచి కిందికొచ్చింది. ఎక్కడ మొదలైంది? ఇదిగో, కుడివైపు, సైలెన్సరు పైన. ఎండిన గడ్డి కోస్తే నూగంతా ఇంజను మీద, సైలెన్సరు చుట్టూ దూదిలా పేరుకుంటుంది. బండి ఆపాక కూడా సైలెన్సరు చాలాసేపు కాలుతూనే ఉంటుంది. బయట గాలికి వదిలేస్తే చల్లారుతుంది. చల్లారాక బ్లోయరుతో ఆ నూగు ఊదేసి అప్పుడు లోపల పెట్టాలి. గడియారం ఆగే నలభై నిమిషాలు అందుకే.”

“అంటే వేడి బండి లోపల పెట్టినందుకు దానంతటదే అంటుకుందంటారు.”

“అది ఒక్కటే అయితే ఒక్కోసారి అంటుకోకపోనూవచ్చు. వీటిని చూడండి.” బూడిదలో చెయ్యిపెట్టి చిన్న ఇత్తడి రింగులు ఒక్కొక్కటీ ఏరాను. ఏడు దొరికాయి. ఇంజను మీద మూడు, సీటు ఇనుము మీద రెండు, నేలమీద రెండు, అన్నీ ఒకే ఎడంలో. “బండి మీద కప్పే టార్పాలిన్ పట్టా అంచున తాడు దూర్చడానికి ఉండే రింగులివి. పట్టా మూలన మడతపెట్టి ఉంటే అన్నీ ఒకచోటే పడేవి. బండి మీద కప్పి ఉంది. కాలుతున్న సైలెన్సరు, దాని చుట్టూ ఎండుగడ్డి, పైన పట్టా. వేడి పోవడానికి దారి లేదు. చాపకింద నిప్పు రాజేసినట్టే. పావుగంటా ఇరవై నిమిషాలు లోపల్లోపల రగిలి ఒక్కసారి లేచింది.”

ఇస్త్రీ జేబులోంచి నోట్‌బుక్కు తీశాడు. ఆ నోట్‌బుక్కు చూసినప్పుడే నా నోరు మూతపడాల్సింది.

“ఇంకోటి. వెనకాల ఈ చిన్న లివరు చూశారా? బయటికి లాగి ఉంది. ఇంజను ఆగిపోయినప్పుడు బండిని తోసుకెళ్ళాలంటే ఇది లాగాలి, లేకపోతే చక్రాలు తిరగవు. గచ్చు లోపలివైపు వాలుగా ఉంది, ఒక్క మనిషి తోసినా దొర్లుకుంటూ పోతుంది. డ్రైవరైతే ఎక్కి నడుపుతాడు, తొయ్యడు. అంటే బండి నడపడం రాని మనిషి, లివరు సంగతి తెలిసిన మనిషి, ఎందుకు చల్లారబెడతారో తెలియని మనిషి. ఆ మనిషి ఎవరో తేలితే గడియారం ఇంటికెళతాడు. మీరు మళ్ళీ చొక్కా మార్చుకుని రావాల్సి ఉంటుంది.”

అతను రాసుకోవడం ముగించి తలెత్తాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు.

“పట్టా కప్పడం వల్లే అంటుకుందని గట్టిగా చెప్పగలరా మేడం? కోర్టులో?”

“ఎక్కడైనా చెబుతాను.”

“బావుంది,” అని నోట్‌బుక్కు మూశాడు. ఫోను మోగితే పక్కకి వెళ్ళాడు.

నేను గేటు దగ్గరికి నడిచాను. గేటుకీపరు ముసలాయన. ఒక చెవి వినబడదు, రెండో చెవికి నమ్మకం లేదు, అందుకని అన్నీ రిజిస్టరులో రాస్తాడు. మంగళవారం పేజీ తిప్పాను.

4-14 డ్రైవరు బయటికి, బ్లేడు సానకి.
4-22 స్టోరుకీపరు భార్య లోపలికి, మందులు.
4-41 ఆవిడ బయటికి.
5-02 పొగ.
5-06 డ్రైవరు లోపలికి.

అంతే. 4-14కీ 5-02కీ మధ్య గేటు దాటినది ఒక్క మనిషి. ఆవిడ బయటికి వెళ్ళిన వరుస దగ్గర సిరా అలుక్కుపోయి ఉంది.

“ఇదేంటి తాతా, చెరిగింది?”

“చినుకులమ్మా. అప్పటికి పది నిమిషాల ముందే మొదలైంది వాన. ఎంతసేపూ లేదు, ఓ అరగంట. పాపం ఆ అమ్మాయి కొంగు నెత్తిన వేసుకుని పరుగెత్తింది.” ముసలాయన బల్లకింద వంగి, కాగితంలో చుట్టిన బ్లేడు తీశాడు. కొత్తగా సానపెట్టిన అంచు మెరుస్తోంది. “ఇది ఆయనదే. పొగ చూసి నా కాళ్ళదగ్గర పడేసి పరుగెత్తాడు. తలుపు తియ్యబోయి చేతులు కాల్చుకున్నాడు. ఆయన చంపడమేంటమ్మా? ఎవరికి చెప్పినా వినరు.”

నేను రిజిస్టరు మూసేశాను. ఆవిడ అరచేతిలో పగిలిన బొబ్బ గుర్తొచ్చింది. అది పొయ్యి దగ్గర కాలింది కాదు. పట్టా తాడు కట్టేటప్పుడు సైలెన్సరుకి తగిలింది.

అయినా నమ్మబుద్ధి కాలేదు. నేరుగా బ్లేడు సానపట్టిన లేత్ షాపుకి వెళ్ళాను. మంగళవారం నాలుగూ ఇరవైఐదు నుంచి ఐదు అయ్యేదాకా గడియారం అక్కడ స్టూలు మీద కూర్చున్నాడని షాపతను చెప్పాడు. “నలభై నిమిషాల్లో ఇచ్చెయ్యాలి అని నెత్తిన కూర్చుంటాడండీ ఎప్పుడొచ్చినా. అది చల్లారేలోపల ఇది అయిపోవాలంటాడు.” ఇంకేం మిగల్లేదు. ఏ కేసులోనైనా నిజం చేతికందితే కాస్త గర్వంగా ఉంటుంది. ఆ రోజు మాత్రం దాన్ని ఎక్కడైనా పారేసి ఇంటికి పోదామనిపించింది.

స్టేషనుకి చేరేసరికి మూడూ యాభై. బయట బెంచీ ఖాళీగా ఉంది. పిల్లని బడినుంచి తీసుకురావడానికి వెళ్ళిందనుకుని మనసు తేలికపడింది. నేరుగా వెనక గదికి పోయి తలుపు దగ్గరికి వేసి, గడియారం ఎదురుగా కూర్చున్నాను.

“బండి తోసిందెవరో నాకు తెలుసు.”

అతను గోడ గడియారం వైపు చూశాడు.

“వాన మొదలైంది. బండి తడుస్తోందని లోపలికి తోసింది. రోజూ మీరు చివర్న పట్టా కప్పడం చూసింది కాబట్టి పట్టా కప్పింది. గాలికి తలుపు కొట్టుకుంటే మొగుడికి నిద్ర చెడుతుందని బయట గడియ పెట్టి వెళ్ళింది. అంతేనా?”

గడియారం బల్ల అంచు పట్టుకున్నాడు. చేతులకి కట్లు ఉన్నాయి. మొదట అతని భుజాలు కదిలాయి, తరువాత ఏడుపు వచ్చింది. మగవాళ్ళ ఏడుపు చాలా చూశాను. ఇలా శబ్దం లేకుండా ఏడ్చే మనిషిని ఓదార్చడం ఇప్పటికీ నాకు చేతకాదు.

“ఆ రాత్రి శవం దగ్గర కూర్చుని తనే చెప్పిందమ్మా,” అన్నాడు. “‘మీ బండి తడవకుండా కప్పి వచ్చాను బావగారూ, ఇంతలోనే ఇట్లా అయిందేంటి’ అంది. తనకి తెలీదు. ఇప్పటికీ తెలీదు. తెలిస్తే బతుకుతుందా?”

“తెలియక చేసింది. చట్టం కూడా అంత గుడ్డిది కాదు.”

“చట్టం సంగతి నాకెందుకమ్మా? ఉరి వెయ్యకపోవచ్చు, వదిలెయ్యనూవచ్చు. తన చేత్తోనే తన మొగుడు పోయాడని తెలిశాక వదిలేస్తే మాత్రం ఎక్కడికి పోతుంది? ఆరేళ్ళ పిల్ల ఉంది. పెద్దయ్యాక ఎవడో ఒకడు దాని చెవిన వెయ్యడా, మీ అమ్మే తలుపుకి గడియ పెట్టిందని?”

“అందుకని మీరు చంపానంటారా?”

“నేనే కదమ్మా చంపింది!” మొదటిసారి గొంతు పెంచాడు. “పంతొమ్మిదేళ్ళు నలభై నిమిషాలు, నలభై నిమిషాలు అన్నాను. ఎందుకో ఒక్కరికీ చెప్పలేదు. అందరూ నవ్వుతుంటే నాకు గొప్పగా ఉండేది. నా బండి సంగతి నాకే తెలుసని మురిసిపోయాను. తమ్ముడికి ‘ఇక్కడ పడుకోవద్దు’ అని తిట్టాను గానీ ఎందుకో చెప్పలేదు. ఆ పలకమీద రెండు వరుసలు రాశాను. మూడో వరుస, వేడి బండిమీద పట్టా కప్పొద్దు అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పండి. అరనిమిషం కూడా పట్టదు.”

అతను కట్టు కట్టిన చేతులు నా ముందు జోడించాడు.

“నాకు పెళ్ళీ పెటాకులూ లేవు. నా వెనక ఏడ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఆ తల్లీ పిల్లా ఉన్నారు చూడండి, వాళ్ళని అలా ఉండనివ్వండి. మీకు దణ్ణం పెడతాను. ఈ మాట మీ దగ్గరే ఆగిపోవాలి.”

నా వృత్తిలో నేర్చుకున్న నియమాలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. అమాయకుణ్ణి జైలుకి పంపే అబద్ధంలో భాగం కాకూడదు. నిజం చెప్పమని అడిగిన మనిషికి నిజం చెప్పాలి. అడిగినది ఆవిడే. ఆ రెండు నియమాల మధ్య ఈ మనిషి కట్టు కట్టిన చేతులు పెట్టి కూర్చున్నాడు.

“సరే,” అన్నాను. “నా నోట రాదు. కానీ రేపు పదకొండింటికి మీరు నోరు తెరవొద్దు. పట్టా సంగతి ఎత్తకుండా మిమ్మల్ని బయటికి తెచ్చే దారి ఏదైనా ఉందేమో చూస్తాను. లేత్ షాపతను ఉన్నాడు, గేటుకీపరు ఉన్నాడు.”

“గేటు రిజిస్టరు వద్దమ్మా! అందులో తన పేరుంది.”

“నాకు తెలుసు.”

లేచి తలుపు దాకా వచ్చాక గుర్తొచ్చింది. పట్టా సంగతి నా ఒక్కదానికే తెలిసినది కాదు. మధ్యాహ్నం షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని, ఏడు రింగులు ఏరి, ఒక మనిషికి ఒక్కొక్కటీ లెక్కపెట్టి మరీ చూపించాను. అతను రాసుకున్నాడు.

వరండాలోకి దాదాపు పరుగెత్తాను. నాలుగూ ఇరవై. ఖాళీగా ఉన్న బెంచీ మీద ఇప్పుడు ఆవిడ కూర్చుని ఉంది. పక్కన స్కూలు సంచీ, ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది. నన్ను చూసి నవ్వింది. ఆ మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

“మీకోసమే చూస్తున్నాను మేడం! ఇన్‌స్పెక్టర్‌గారు మంచివారే. ఊరికే తిట్టుకున్నాం. గంటసేపు కూర్చోబెట్టి నా మాట మొత్తం విన్నారు.”

“ఏం మాట?” అడిగాను.

“ఆ రోజు నాలుగున్నరకి బావగారు అక్కడ లేరు కదా. నేనున్నాను. బండి నేనే లోపలికి తోశాను, చెడిపోయినప్పుడల్లా మా ఆయనతో కలిసి తోసేదాన్నే. వాన పడుతోందని పట్టా నేనే కప్పాను. తలుపు గడియ కూడా నేనే పెట్టాను, బావగారు కాదు. ఇదంతా మొన్ననే చెప్పుండేదాన్ని, నన్నెవరూ అడగలేదు. అందులో చెప్పుకోవడానికి ఏముందిలే అనుకున్నాను. ఇప్పుడు రాసి సంతకం పెట్టాను మేడం. రేపు కోర్టులో కూడా చెబుతాను. గడియ పెట్టింది ఆయన కాదని తేలిపోయాక ఆయన్ని వదిలెయ్యాల్సిందేగా?”

ఆవిడ భుజం మీదుగా కిటికీలోంచి ఇన్‌స్పెక్టరు కనిపించాడు. బల్లముందు కూర్చున్నాడు. ముందు కాగితం ఉంది. గెలిచినవాడి మొహం కాదది. టోపీ తీసి పక్కన పెట్టి, రెండు చేతులతో తల పట్టుకుని ఆ కాగితాన్నే చూస్తున్నాడు. నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు.

“వదిలేస్తారు కదా మేడం?”

“వదిలేస్తారు,” అన్నాను. అది అబద్ధం కాదు.

ఆవిడ ఊపిరి పీల్చుకుని పిల్ల నుదుటిమీద జుట్టు సర్దింది. పగిలిన బొబ్బ మీద కొత్త చర్మం పట్టడం మొదలైంది. సర్దుతూ సర్దుతూ చెయ్యి ఆగింది. నవ్వు ఇంకా ఉంది గానీ కనుబొమలు దగ్గరికొచ్చాయి.

“ఒక్కటే అర్థం కాలేదు మేడం. ఇన్‌స్పెక్టర్‌గారు పట్టా గురించే మూడుసార్లు అడిగారు. ఎన్నింటికి కప్పావు, పూర్తిగా కప్పావా, బండి వేడిగా ఉందా అని. పట్టా కప్పితే ఏమవుతుంది?”

ఇరవై రెండేళ్ళు బడుల్లో, ఫ్యాక్టరీల్లో, హాళ్ళలో జనాన్ని కూర్చోబెట్టి ఆ ప్రశ్నకి జవాబు చెప్పడమే నా ఉద్యోగం. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆవిడ నా మొహంలోకి చూస్తూ జవాబు కోసం ఎదురుచూస్తోంది. నేను చెప్పలేదు. చెప్పకపోయినా, ఆ నవ్వు కొద్దికొద్దిగా ఆరిపోవడం చూస్తూ నిలబడ్డాను.